వెళ్లకూడని చోటే అన్నిటికన్నా పవిత్రం: యూదుల పుణ్యస్థలాల లెక్క

యెరూషలేములో పశ్చిమ గోడ దగ్గర నుంచి పైకి ఒక చెక్క వంతెన వెళ్తుంది. ఒకప్పుడు యూదుల దేవాలయం నిలిచిన కొండ, అంటే ఆలయ పర్వతం మీదికి ముస్లిమేతరులు ఎక్కాలంటే దారి అదే. ఆ దారి మొదట్లో ఇశ్రాయేలు ప్రధాన రబ్బీల (యూదు మతగురువుల) కార్యాలయం పెట్టించిన బోర్డు ఉంటుంది. ఈ స్థలం పవిత్రమైనది కాబట్టి తోరా (మోషే ధర్మశాస్త్రం) ప్రకారం దీని మీదికి వెళ్లడం నిషిద్ధం అని దాని సారాంశం. ఆ బోర్డు పక్కనుంచే విదేశీ పర్యాటకులు కెమెరాలు పట్టుకుని పైకి పోతుంటారు. నల్ల కోటు వేసుకుని, రోజుకు మూడు పూటలా ప్రార్థన తప్పని యూదుల్లో ఎక్కువమంది మాత్రం ఆ వంతెన ఎక్కరు. కిందే, గోడ దగ్గరే ఆగిపోతారు.

క్షేత్రం అంటే దర్శనం, దర్శనం అంటే వెళ్లి రావడం అనుకునే మనకు ఇది తిరకాసుగా కనిపిస్తుంది. కొండ పవిత్రమైతే వెళ్లాలి గదా, పవిత్రం కాబట్టి వెళ్లొద్దని పెద్దలే బోర్డు పెట్టడమేమిటి? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు దొరికితే యూదుల పుణ్యస్థలాల గురించి వార్తల్లో చదివే గందరగోళం చాలావరకు విడిపోతుంది. రాజకీయ గందరగోళం విడిపోదు. అది వేరే సంగతి.

ముందు గోడ సంగతి చూద్దాం. మన దగ్గర నుంచి 'హోలీ ల్యాండ్' యాత్రలకు వెళ్లొచ్చినవాళ్లు దాన్ని ఏడ్పుల గోడ అనో, వెయిలింగ్ వాల్ అనో అంటారు. యూదులు ఆ పేరు వాడరు. వాళ్లకది 'కోటెల్', అంటే ఉత్త 'గోడ'. చాలామంది దాన్ని యూదుల దేవాలయంలో మిగిలిన ఒక గోడ అనుకుంటారు. అదీ సరికాదు. హేరోదు రాజు క్రీ.పూ. 20 ప్రాంతంలో పాత దేవాలయాన్ని భారీగా విస్తరించే పని మొదలుపెట్టాడు. కొండ నెత్తిన స్థలం చాలక, చుట్టూ పెద్ద గోడలు లేపి, లోపల పూడ్చి, ఒక మహా వేదికలా చేశాడు. ఆ పూడిక జారిపోకుండా పడమటి వైపు ఆపి ఉంచిన గోడ ఇది. ఇంజినీర్ల భాషలో రిటైనింగ్ వాల్. గుడి గోడ కాదు సరే, గుడి ప్రాకారం అనడానికి కూడా కాస్త ఆలోచించాలి. గుడి నిలబడ్డ గట్టు పక్క గోడ, అంతే.

ఆ గోడ మొత్తం పొడవు 488 మీటర్లు. ప్రార్థన జరిగే ఆవరణలో కనిపించేది దాదాపు 60 మీటర్లే. మిగతాది ఇళ్ల వెనకా, నేల కిందా ఉంది. దగ్గరికి వెళ్లి చూస్తే కింది ఏడు వరుసల రాళ్లు పెద్దవి, అంచుల చుట్టూ సన్నటి పట్టీలా చెక్కినవి. అవి హేరోదు నమూనా. పైకి పోయేకొద్దీ రాళ్లు చిన్నవవుతాయి. అవి తర్వాతి ముస్లిం పాలకుల కాలాల్లో చేర్చినవి. సందుల్లోంచి ముళ్ల కేపర్ పొదలు వేలాడుతుంటాయి. ఇంకో ముచ్చట. ఈ గోడ పునాది కింద పూడ్చేసిన ఒక స్నానకుండంలో తవ్వకాలవాళ్లకు నాణేలు దొరికిన సంగతి 2011లో బయటికొచ్చింది. అవి క్రీ.శ. 17, 18 ప్రాంతంలో రోమన్ అధికారి వలేరియస్ గ్రాటస్ ముద్రించినవి. హేరోదు పోయింది క్రీ.పూ. 4లో. అంటే హేరోదు గోడ అని అందరూ పిలిచేదాన్ని ఆయన పూర్తిగా చూడనే లేదు.

మరి ఉత్త గట్టు గోడకు ఇంత మహిమ ఎలా వచ్చింది? క్రీ.శ. 70లో రోమన్ సేనాని తీతు సైన్యం దేవాలయాన్ని తగలబెట్టింది. అంతకు ముందు సొలొమోను కట్టించిన మొదటి ఆలయాన్ని క్రీ.పూ. 586లో బబులోను రాజు నెబుకద్నెజరు కూల్చాడు. రెండింటికీ కలిపి యూదులు ఒకే రోజు, ఆబ్ నెల తొమ్మిదో తేదీన, ఉపవాసముండి నేల మీద కూర్చుని విలాపం చదువుతారు. దైవసన్నిధి పడమటి గోడను ఎన్నడూ విడిచిపోలేదని ప్రాచీన రబ్బీల మాట ఒకటుంది. ఆ మాటలోని పడమటి గోడ ఆలయానిదా, గట్టుదా అన్నది పండితులు నేటికీ తేల్చుకోలేదు. పదో, పదకొండో శతాబ్దంలో యాత్రకు వచ్చిన యూదులు ఎదురుగా ఉన్న ఒలీవల కొండ మీద గుమిగూడేవారు, అక్కడి నుంచి ఆలయ స్థలం మొత్తం కనిపిస్తుంది కాబట్టి. ఇప్పటి గోడ దగ్గర నిలకడగా ప్రార్థన సాగడం పదహారో శతాబ్దం నుంచే స్పష్టంగా కనిపిస్తుంది. కాబట్టి గోడ పవిత్రత అరువు పవిత్రత. పైనున్న చోటికి, వెళ్లదగ్గ చోట్లలో బాగా దగ్గరగా ఉన్నందుకు వచ్చింది.

ఈ అరువు లెక్క ఎంత నిక్కచ్చిగా ఉంటుందో చూడండి. గోడ సందుల్లో చీటీలు పెట్టే ఆచారం అందరికీ తెలుసు. అలా పెట్టేటప్పుడు వేలు సందులోకి పోవచ్చా అని రబ్బీలు చర్చించారు. గోడ మందం కూడా ఆలయ పర్వతం కిందికే వస్తుందనుకుంటే, వేలు దూర్చడమంటే పర్వతంలోకి పాక్షికంగా ప్రవేశించినట్టే గదా! అందుకే కొందరు నిష్ఠాపరులు చీటీలు పెట్టరు, రాళ్లకు పెదవులు ఆనించి వెనక్కి వస్తారు. వీపు చూపించకుండా వెనక్కి వెనక్కి నడిచి వచ్చేవాళ్లూ ఉన్నారు. ఆ చీటీలను ఏడాదికి రెండుసార్లు, పస్కాకు ముందూ కొత్త సంవత్సరానికి ముందూ, కర్రలతో బయటికి లాగి, ఎవరూ చదవకుండా మూటకట్టి ఒలీవల కొండ మీద పాతిపెడతారు.

ఆలయ స్థలాన్ని నెల రోజులుగా చూడనివాడు మళ్లీ చూసినప్పుడు తాను వేసుకున్న చొక్కా చింపుకోవాలని ధర్మశాస్త్రం చెబుతుంది. దగ్గరి బంధువు చనిపోయినప్పుడు చింపుకున్నట్టే. అందరూ పాటించకపోవచ్చు, కానీ నియమం ఉంది. కాబట్టి ఆ గోడ దగ్గరికి యూదుడు వెళ్లడంలో దర్శనం కన్నా పరామర్శ పాలు ఎక్కువ.

పది మెట్లు

యూదు ధర్మంలో పవిత్రత అంటే ఏమిటో తెలియాలంటే మిష్నాలోని ఒక జాబితా చదవాలి. మిష్నా అంటే క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన రబ్బీల ధర్మసంపుటి. అందులో 'పాత్రలు' అనే భాగం మొదటి అధ్యాయంలో పది పవిత్రతల వరస ఉంది. లోకంలోని దేశాలన్నిటి కన్నా ఇశ్రాయేలు దేశం పవిత్రం. దానికన్నా ప్రాకారమున్న పట్టణాలు. వాటికన్నా యెరూషలేము గోడల లోపలి భాగం. దానికన్నా ఆలయ పర్వతం. అక్కడి నుంచి ఆవరణ తర్వాత ఆవరణ దాటుకుంటూ, స్త్రీల ప్రాంగణం, ఇశ్రాయేలీయుల ప్రాంగణం, యాజకుల ప్రాంగణం, చివరికి అతిపరిశుద్ధ స్థలం. మన తెలుగు బైబిలు అనువాదకులు ఆ చివరి గదికి 'గర్భాలయము' అనే మాట వాడారు. నాకు ఆ ఎంపిక భలే నచ్చుతుంది. ఒక్క మాటతో తెలుగు చదువరికి ఆ కట్టడం ప్లాను మొత్తం అర్థమైపోయింది.

ఈ జాబితాలో మెలిక ఏమిటంటే, ఏ మెట్టు ఎందుకు పవిత్రమో చెప్పేటప్పుడు మిష్నా అక్కడ జరిగిన అద్భుతాలు చెప్పదు, అక్కడి రూల్సు చెబుతుంది. ఇశ్రాయేలు దేశం ఎందుకు పవిత్రం? తొలిపంట యవల పనను, ప్రథమఫలాలను ఆ దేశపు నేల నుంచే తేవాలి కాబట్టి. ప్రాకారమున్న పట్టణం ఎందుకు? కుష్ఠరోగిని బయటికి పంపేస్తారు కాబట్టి. ఆలయ పర్వతం ఎందుకు? ఫలానా రకాల అశుద్ధి ఉన్నవాళ్లు అక్కడికి రాకూడదు కాబట్టి. లోపలికి పోయేకొద్దీ రాకూడనివాళ్ల సంఖ్య పెరుగుతుంది. చివరి గదిలోకి ఒకే ఒక మనిషి, ప్రధాన యాజకుడు, ఏడాదికి ఒక్క రోజు, ప్రాయశ్చిత్త దినాన వెళ్తాడు. ఎంతమంది రాగలరన్నది ఇక్కడ గొప్ప కాదు, ఎంతమంది ఆగిపోవాలన్నదే కొలత.

మన దగ్గర చర్చి ప్రసంగాల్లో ఒక కథ చెబుతుంటారు. ప్రధాన యాజకుడు లోపల చనిపోతే బయటికి లాగడానికి ఆయన కాలికి తాడు కట్టేవారని. మిష్నాలో గానీ, దాని మీద రబ్బీల చర్చల సంపుటి అయిన తల్ముద్‌లో గానీ అది లేదు. పదమూడో శతాబ్దంలో వెలుగులోకి వచ్చిన జోహార్ అనే మార్మిక గ్రంథంలో కనిపిస్తుంది. కథ బాగుంటుంది గానీ చరిత్రగా తీసుకోవద్దు.

ఇంతకీ ఆ గదిలో ఏముండేది? మొదటి ఆలయంలో నిబంధన మందసం ఉండేది, మోషేకిచ్చిన రాతిపలకలతో. బబులోనీయుల దాడి తర్వాత దాని జాడ లేదు. క్రీ.పూ. 516 ప్రాంతంలో పూర్తయి, ఆరు వందల ఏళ్లకు కాస్త తక్కువగా నిలిచిన రెండో ఆలయంలో ఆ గది ఖాళీ. నేల మట్టం నుంచి మూడు వేళ్ల ఎత్తు లేచిన ఒక రాయి మాత్రం ఉండేదని, ప్రధాన యాజకుడు ధూపపాత్ర దాని మీద పెట్టేవాడని మిష్నా చెబుతుంది. క్రీ.పూ. 63లో రోమన్ సేనాపతి పాంపే యెరూషలేమును గెలిచి, ఏ విగ్రహముందో చూద్దామని తిన్నగా లోపలికి నడిచాడు. ఖాళీ గది చూసి బయటికి వచ్చాడు. ఖాళీ గది కోసం ఇంత జనం ప్రాణాలిస్తారా అని రోమన్లకు చివరి దాకా బోధపడలేదు.

ఎర్ర ఆవు పెయ్య సమస్య

ఇప్పుడు ఆ బోర్డు దగ్గరికి వద్దాం. దేవాలయం లేకపోయినా ఆ నేల పవిత్రత పోలేదు అన్నది పన్నెండో శతాబ్దపు మహాపండితుడు మైమొనిదెస్ తీర్పు. అక్కడ నిలిచింది దైవసన్నిధి, కూలింది రాళ్లే, సన్నిధి కూలదు అని ఆయన తర్కం. ఆయన సమకాలికుడు ఒకరు కాదన్నారు గానీ, ఎక్కువమంది మైమొనిదెస్ వైపే మొగ్గారు. పవిత్రత ఉందంటే పాత నిషేధాలూ ఉన్నట్టే. వాటిలో ముఖ్యమైనది చావు మైల. శవాన్ని తాకినవాడికీ, శవమున్న కప్పు కింద నిలబడ్డవాడికీ మైల. ఆసుపత్రులకూ చావు ఇళ్లకూ వెళ్లే ఈ కాలంలో మైల అంటనివాడు ఎవడు? అందరూ మైలలో ఉన్నట్టే లెక్క. ఆ మైలతో ఆలయం లోపలి భాగాలున్న చోట అడుగు పెడితే శిక్ష మామూలుది కాదు, జనంలోంచి కొట్టివేయబడడం.

సరే, ఆ మైల పోయేదెలా? స్నానం ఒక్కటే చాలదు. సంఖ్యాకాండము 19వ అధ్యాయంలో దారి ఉంది. కాడి మోయని, మచ్చలేని ఎర్ర పెయ్యను దహించి, ఆ బూడిద కలిపిన నీళ్లు చల్లాలి. పెయ్య ఎంత ఎర్రగా ఉండాలంటే, వేరే రంగు వెంట్రుకలు రెండు ఒకేచోట కనిపించినా పనికిరాదు. మొత్తం చరిత్రలో అలాంటివి తొమ్మిదే దొరికాయని, పదోది మెస్సీయ కాలంలో వస్తుందని మైమొనిదెస్ రాశాడు. ఇది పుస్తకాల్లో పడి ఉన్న విషయమేమీ కాదు. 2022లో అమెరికాలోని టెక్సాస్ నుంచి అయిదు ఎర్ర పెయ్యలను విమానంలో ఇశ్రాయేలుకు తెచ్చారు. ఆలయం మళ్లీ కట్టాలనుకునే బృందాలూ, వాళ్లకు తోడుగా కొందరు అమెరికన్ క్రైస్తవులూ ఆ పని వెనక ఉన్నారు. పెయ్యలు వచ్చిన కబురుకే ఆ ప్రాంతమంతా ఉలిక్కిపడింది.

నిషేధానికి ఒక సందు కూడా ఉంది. ఆలయ పర్వతం అయిదు వందల మూరల చదరం అని మిష్నా కొలత. అంటే ఒక్కో వైపు సుమారు పావు కిలోమీటరు. ఇప్పుడున్న వేదిక దానికన్నా చాలా పెద్దది. మిగతాది హేరోదు పూడ్చి పెంచింది. ఆ పెంచిన భాగానికి అసలు పర్వతపు పవిత్రత వర్తించదని, కొలతలు తెలిసి, శుద్ధిస్నానం చేసి, తోలు చెప్పులు విప్పి అంచుల వెంట నడవొచ్చని కొందరు రబ్బీలు అంటారు. 1967 యుద్ధంలో సైన్యానికి ప్రధాన రబ్బీగా ఉన్న ష్లోమో గోరెన్ ఆ పక్షం. ఓవదియా యోసెఫ్ వంటి పెద్దలు గట్టిగా వద్దన్నారు. ఎక్కడ గీత గీయాలో కచ్చితంగా ఎవరికీ తెలియనప్పుడు సందేహంలో దూరంగా ఉండడమే మేలని వాళ్ల వాదన.

రాజకీయం ఈ ధర్మచర్చ మీదే స్వారీ చేస్తుంది. అదే వేదిక ముస్లింలకు హరమ్ అల్ షరీఫ్. అక్కడ అల్ అక్సా మసీదు, క్రీ.శ. 691–92 నాటి బంగారు గుమ్మటం ఉన్నాయి. యూదులు అతిపరిశుద్ధ స్థలంలోదని నమ్మే రాయి చాలామంది అంచనాలో ఆ గుమ్మటం కిందిదే. 1967 జూన్‌లో ఇశ్రాయేలు సైన్యం ఆ కొండను పట్టుకుంది. రక్షణ మంత్రి మోషే దయాన్ కొద్ది రోజుల్లోనే కొండ మీది నిర్వహణను ముస్లిం వక్ఫ్‌కే వదిలేశాడు. యూదులు చూడ్డానికి వెళ్లవచ్చు, ప్రార్థన మాత్రం కింద గోడ దగ్గర. ఈ ఏర్పాటు అంతకాలం నిలబడడానికి పెద్ద కారణం రబ్బీల బోర్డే అని నా అభిప్రాయం. నిష్ఠాపరులకు పైకి వెళ్లే కోరిక లేనప్పుడు ప్రభుత్వానికి ఆపే పని తగ్గింది. ఇటీవలి సంవత్సరాల్లో మతనిష్ఠ కలిగిన జాతీయవాదులు ఆ బోర్డును పక్కనపెట్టి పైకి వెళ్తున్నారు, కొందరు అక్కడే ప్రార్థిస్తున్నారు. మతపరమైన గీత చెరిగేకొద్దీ రాజకీయ గీత మీద ఒత్తిడి పెరుగుతోంది. 2000 సెప్టెంబరు 28న అప్పటి ఇశ్రాయేలు ప్రతిపక్ష నేత ఏరియల్ షరోన్ పైకి వెళ్లివచ్చిన మర్నాటి నుంచి రేగిన హింస ఏళ్ల తరబడి సాగిన సంగతి గుర్తుండే ఉంటుంది.

గోడ ముందున్న విశాలమైన ఆవరణకూ ఒక కథ ఉంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. 1948 నుంచి 1967 దాకా, పాత నగరం జోర్డాను చేతిలో ఉన్నప్పుడు, యూదులకు గోడ దగ్గరికి వెళ్లే వీల్లేకపోయింది. 1967 యుద్ధం ముగుస్తుండగానే, గోడకు ఎదురుగా శతాబ్దాలుగా ఉన్న మొరాకో వాడను ఇశ్రాయేలు బుల్డోజర్లతో తీసేసింది. అంతకు ముందు అక్కడ సన్నటి సందు ఉండేది. ఇవాళ ఫొటోల్లో కనిపించే మైదానం ఆ వాడ నిలిచిన చోటు. యూదుల్లో యూదులకూ అక్కడ తగువే. మగవాళ్లకూ ఆడవాళ్లకూ మధ్య అడ్డుగోడ ఉంటుంది. ఆడవాళ్లు తోరా చుట్ట పట్టుకుని బిగ్గరగా చదవొచ్చా అని 1988 నుంచి ఒక మహిళా బృందం పోరాడుతోంది. అందరూ కలిసి ప్రార్థించే చోటుకు సమాన హోదా ఇచ్చే ఒప్పందాన్ని 2016లో ప్రభుత్వం ఒప్పుకుంది, 2017లో అటకెక్కించింది.

సీనాయి ఎక్కడ? మోషే సమాధి ఎక్కడ?

ఇక్కడ ఒక విచిత్రం. యూదు మతానికి పుట్టిల్లు అనదగ్గ సంఘటన సీనాయి కొండ మీద జరిగింది. దేవుడు తోరా ఇచ్చింది అక్కడే. మరి ఆ కొండ ఎక్కడుందో యూదులు పట్టించుకోలేదు. ఈజిప్టులో ఇవాళ సీనాయి పర్వతంగా చూపించే చోటు క్రైస్తవ సన్యాసుల సంప్రదాయం నుంచి వచ్చింది. నిర్గమకాండములో చూస్తే, దేవుడు దిగినప్పుడు కొండ అంచు తాకినా మరణమే. బూర సుదీర్ఘంగా మోగాక ఎక్కవచ్చు. సన్నిధి వెళ్లిపోయింది, కొండ మళ్లీ మామూలు కొండ. తల్ముద్ దీన్నే ఉదాహరణగా చూపించి, మనిషికి స్థలం వల్ల గౌరవం రాదు, స్థలానికే మనిషి వల్ల గౌరవం వస్తుంది అంటుంది. మోషే సమాధి సంగతీ అంతే. ఆయన సమాధి ఎక్కడో ఎవరికీ తెలియదని ద్వితీయోపదేశకాండము చివరి అధ్యాయం చెబుతుంది. జనం సమాధిని పూజించకుండా ఉండడానికే అలా జరిగిందని చాలామంది వ్యాఖ్యాతలు అర్థం చెప్పారు.

అయినా జనం ఊరుకున్నారా? సమాధుల దగ్గరికి వెళ్లారు. యూదు పుణ్యస్థలాల్లో మనసుకు దగ్గరగా, శాస్త్రానికి కాస్త దూరంగా ఉండేవి ఇవే.

వాటిలో మొదటిది హెబ్రోను. శారా చనిపోయినప్పుడు అబ్రాహాము మక్పేలా గుహను హిత్తీయుడైన ఎఫ్రోను దగ్గర నాలుగు వందల తులాల వెండికి కొన్నాడు. ఊరికే తీసుకోమంటే ఒప్పుకోలేదు, అందరి ముందూ తూచి ఇచ్చాడు. ఆ బేరం ఆదికాండములో ఒక పూర్తి అధ్యాయం. మన పల్లెల్లో పొలం రిజిస్ట్రేషను చేసుకునేవాడికి ఆ అధ్యాయం ఏ వ్యాఖ్యానం లేకుండా అర్థమవుతుంది. పొలం, అందులోని గుహ, చెట్లు, పొలిమేర, సాక్షులు, అన్నీ ఉన్నాయి. దావీదు ఆలయ స్థలాన్ని యెబూసీయుడి కళ్లం నుంచి కొన్నాడు, యాకోబు షెకెములో పొలం కొన్నాడు. ఈ మూడింటి గురించీ మీరు దొంగిలించారని ఎవరూ అనలేరని ఒక ప్రాచీన మిద్రష్ (రబ్బీల బైబిలు వ్యాఖ్యానం) అంటుంది. క్రయపత్రం చూపించాల్సి వచ్చిందంటే అప్పటికే ఎవరో అడుగుతున్నారన్నమాట. ఆ మూడూ ఇవాళ వెస్ట్ బ్యాంక్, తూర్పు యెరూషలేములలోని రగులుతున్న చోట్లే కావడం గమనించదగ్గది.

హెబ్రోను గుహ మీద హేరోదు కాలపు కట్టడం ఇంకా నిలిచే ఉంది. పదమూడో శతాబ్దంలో అక్కడి ముస్లిం పాలకులు మమ్లూకులు, యూదులను లోపలికి రాకుండా ఆపారు. బయటి మెట్లలో ఏడో మెట్టు దాకానే అనుమతి. అక్కడ నిలబడి ప్రార్థించి వెళ్లాలి. ఆ ఏర్పాటు 1967 దాకా, ఏడు వందల ఏళ్లు నడిచింది. 1929లో ఆ ఊళ్లో అల్లర్లలో 67 మంది యూదులను చంపారు. 1994 ఫిబ్రవరి 25న అక్కడే నమాజులో ఉన్న 29 మంది ముస్లింలను ఒక యూదు సెటిలర్ కాల్చి చంపాడు. అప్పటి నుంచి కట్టడాన్ని రెండుగా పంచారు. ఏడాదిలో పది రోజులు మొత్తం యూదులకు, పది రోజులు మొత్తం ముస్లింలకు. అబ్రాహాము ఇద్దరికీ తాతే. వాటాలు మాత్రం తుపాకుల మధ్య వేశారు.

బేత్లెహేము పొలిమేరలో రాహేలు సమాధి. ప్రసవంలో పోయిన తల్లి, పిల్లల కోసం ఏడుస్తూనే ఉందని యిర్మీయా ప్రవక్త రాసిన తల్లి. సంతానం లేని ఆడవాళ్లు ఎర్ర దారాన్ని ఆ సమాధి చుట్టూ తిప్పి, ముక్కలు చేసి మణికట్టుకు కట్టుకుంటారు. పాత బొమ్మల్లో అది పొలంలో ఒంటరిగా నిలిచిన చిన్న గుమ్మటం. ఇప్పుడు ఎత్తయిన కాంక్రీటు గోడల మధ్యకు పోయింది. ఎర్ర దారం ఆచారాన్ని తప్పుబట్టే పండితులున్నారు. ఆడవాళ్లు వాళ్లను పట్టించుకోలేదు.

ఉత్తరాన మెరోన్‌లో ప్రాచీన కాలపు రబ్బీ షిమోన్ బార్ యొహాయ్ సమాధి. లాగ్ బా ఓమెర్ అనే వసంతకాలపు పండుగ రోజు అక్కడ లక్షల మంది చేరి మంటలు వేసి రాత్రంతా ఆడతారు. మూడేళ్ల మగపిల్లలకు తొలి జుట్టు తీయించేదీ అక్కడే. 2021 ఏప్రిల్ 30న ఇరుకు దారిలో తొక్కిసలాట జరిగి 45 మంది చనిపోయారు. ఇశ్రాయేలు బయటా ఇలాంటివి ఉన్నాయి. 1810లో చనిపోయిన రబ్బీ నహమన్ సమాధి ఉక్రెయిన్‌లోని ఉమాన్‌లో ఉంది. యుద్ధం నడుస్తున్నా కొత్త సంవత్సరానికి వేలాది మంది అక్కడికి వెళ్తూనే ఉన్నారు.

ఇక్కడొక ఇబ్బంది ఉంది. సమాధి అంటే మైల. యాజక వంశీకులు, అంటే కోహెన్లు, శ్మశానంలో అడుగు పెట్టకూడదు. శ్మశానం మీదుగా ఎగిరే విమానంలో ఎలా అన్న ప్రశ్న కూడా వచ్చింది. పెద్ద ప్లాస్టిక్ సంచీలో దూరి సీట్లో కూర్చున్న ఒకాయన ఫొటో కొన్నేళ్ల కిందట లోకమంతా తిరిగింది, ఈ మైల గురించేనని వార్తలొచ్చాయి. పైగా చచ్చినవాళ్లను అడగడం తోరా నిషేధం. అందుకని శాస్త్రం ఒక సర్దుబాటు చేసింది. నీతిమంతుడిని ఏమీ అడగొద్దు, ఆయన పుణ్యం చూసి కరుణించమని దేవుడినే అడుగు. సమాధి దగ్గర నిలబడ్డ తల్లి ఈ తేడా పాటిస్తుందా లేదా అని వెళ్లి ఎవరు చూస్తారు?

ఊరూరా ఒక చిన్న ఆలయం

ఆలయం పోయాక మతం పోవాలి. బలులు, యాజకులు, ఏడాదికి మూడు యాత్రలు, అన్నీ దాని చుట్టే కదా. పోలేదు. యెహెజ్కేలు గ్రంథంలో చెదరిపోయినవాళ్లకు నేను కొద్దికాలం, లేదా కొద్దిపాటి, పరిశుద్ధాలయంగా ఉంటానని దేవుడనే మాట ఒకటుంది. రబ్బీలు దాన్ని 'చిన్న ఆలయం' అని చదివి సినగాగుకు, అంటే యూదుల ప్రార్థనా మందిరానికి, ముడిపెట్టారు. బలి స్థానంలో ప్రార్థన వచ్చింది. యాత్ర ఇప్పుడు ఎవరికీ విధి కాదు. హజ్ లాంటి తప్పనిసరి ప్రయాణం నేటి యూదుడికి ఏదీ లేదు.

సినగాగు పవిత్రత ఎక్కడి నుంచి వస్తుందో మిష్నా ఒక అమ్మకం లెక్కతో చెబుతుంది. ఊరి బహిరంగ స్థలం అమ్మితే ఆ డబ్బుతో సినగాగు కొనొచ్చు. సినగాగు అమ్మితే తోరా చుట్టను ఉంచే పెట్టె కొనొచ్చు. పెట్టె అమ్మితే చుట్టే గుడ్డలు, గుడ్డలు అమ్మితే గ్రంథాలు, గ్రంథాలు అమ్మితే తోరా. వెనక్కి మాత్రం పోకూడదు. తోరా అమ్మి సినగాగు కొనడానికి లేదు. ఇంతకన్నా తేటగా ఎవరు చెప్పగలరు? భవనం కన్నా బీరువా, బీరువా కన్నా చుట్ట. ఆ చుట్టలో మూడు లక్షల పైచిలుకు అక్షరాలు చేత్తో రాసినవి. ఒక్కటి చెరిగినా సరిచేసేదాకా సభలో చదవరు. తోలును వేలితో తాకరు, చిన్న వెండి చెయ్యి ఆకారపు పుల్లతో పంక్తి చూపిస్తారు. పాడైతే మనిషిని పాతిపెట్టినట్టు పాతిపెడతారు.

సినగాగులో తిని తాగకూడదు, ఎండగా ఉందనో వానగా ఉందనో దూరకూడదు, అడ్డదారిగా వాడకూడదు. పాడుబడినా పవిత్రత పోదు. అందులో గడ్డి మొలిస్తే పీకొద్దు అంటుంది మిష్నా, చూసినవాడికి దుఃఖం కలగాలని.

ప్రార్థించేటప్పుడు ముఖం యెరూషలేము వైపు తిప్పాలి. యూరపులో అది తూర్పు. కొచ్చిలో పడమర. 1568లో కట్టిన అక్కడి పరదేశి సినగాగులో చీనా నుంచి తెచ్చిన నీలిరంగు పలకల మీద చెప్పులు విప్పి నడవాలి. కొంకణ తీరంలో అలీబాగ్ దగ్గర ఖండాలా ఊళ్లో ఒక బండ ఉంది. ఏలీయా ప్రవక్త రథం ఆకాశానికి లేస్తూ అక్కడ తాకిందని బెనె ఇశ్రాయేలీ యూదుల నమ్మకం. అక్కడ అటుకులు, బెల్లం, కొబ్బరి, పళ్లు కలిపి మలీదా చేసి పంచుతారు. మన గుంటూరు జిల్లా చేబ్రోలు పక్క కొత్తరెడ్డిపాలెంలో తాము ప్రాచీన ఇశ్రాయేలు గోత్రాల్లో ఒకటైన ఎఫ్రాయిము గోత్రపువాళ్లమని చెప్పుకునే తెలుగు కుటుంబాలకూ చిన్న సినగాగు ఉంది. వాళ్ల మొగమూ ప్రార్థన వేళ అటే, పడమరగా, కాస్త వాయవ్యంగా.

ఇంటి దాకా వచ్చాం కాబట్టి ఇంకొక్కటి. తల్ముద్‌లో ఒక నియమం ఉంది. ఆలయం కూలిందన్న గుర్తుగా, ఇల్లు కట్టుకుని గోడలకు సున్నం పూసేవాడు గుమ్మానికి ఎదురుగా మూర పొడవు మూర వెడల్పు చోటు పూయకుండా వదిలేయాలి. ఇప్పటికీ కొందరు పాటిస్తారు. రంగులు వేయడానికి వచ్చిన మేస్త్రీ ఆ మూర చదరం మర్చిపోయానేమో అనుకుని బ్రష్ ఎత్తుతాడు, ఇంటామె చెయ్యి అడ్డం పెడుతుంది.